ఇద్దరు గుమస్తాలు, ఒకే నిల్వ: డేటాబేస్‌లో లెక్క చెడకుండా

మండపేటలో ధాన్యం మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. సీజనులో ఇద్దరు గుమస్తాలు ఒకే గోదాము మీద బిల్లులు కొడతారు. నిల్వ 100 బస్తాలని ఇద్దరికీ కనిపిస్తుంది. ఒకరు 40 తీసి 60 అని, మరొకరు 30 తీసి 70 అని రాస్తారు. డేటాబేస్‌లో చివరికి నిలిచేది 70. గోదాములో ఉండేది 30.

అందుకే నిల్వను చదివి, ప్రోగ్రాములో తీసివేసి, తిరిగి రాయకండి. ‘నిల్వ కనీసం 40 ఉంటేనే 40 తగ్గించు’ అని ఒకే అప్‌డేట్ ఆదేశం ఇవ్వండి. పట్టికలో ఎన్ని వరుసలు మారాయో తప్పక చూడండి. సున్నా వస్తే సరుకు చాలదని అర్థం. చాలా తగాదాలు ఇక్కడే తీరిపోతాయి.

మధ్యలో పార్టీ బాకీ కూడా చూడాలంటే, ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదనే పనుల కట్ట) మొదలుపెట్టి, సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అనే ఆదేశంతో ఆ నిల్వ వరుసను మరొకరు మార్చకుండా తాళం వేయండి. తాళం వేసి ఉంచి గుమస్తా జవాబు కోసం మాత్రం ఎదురుచూడకండి. ఆయన టీకి వెళ్తే మిగతా బిల్లులన్నీ ఆగుతాయి. ట్రాన్సాక్షన్ పెట్టాం కదా, చాలదా అనేవారితో నాకు ఎప్పుడూ పేచీయే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలుగా నడిచేది రీడ్ కమిటెడ్ స్థాయిలో, అంటే ఇతరులవి ఖరారైన మార్పులే కనిపించే స్థాయిలో. పైన చెప్పిన తప్పును అది ఆపదు.

గోదాముల మధ్య బదిలీలో ఎప్పుడూ చిన్న నంబరు వరుసకే ముందు తాళం వేయండి. అయినా ఎక్కడో డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని తాళం కోసం మరొకటి ఎదురుచూస్తూ నిలిచిపోవడం) వస్తే డేటాబేస్ ఒక ట్రాన్సాక్షన్‌ను రద్దు చేస్తుంది; దాన్ని మొదటినుంచి మళ్లీ నడిపే కోడ్ ఉండాలి.

పరీక్షకు రెండు విండోలు తెరవండి. ఒకదానిలో ఆ వరుసను మార్చి కమిట్ (ఖరారు) చేయకుండా ఆపి, రెండోదానిలో అదే వరుసను మార్చి చూడండి.