సీజన్ అయ్యాక షెడ్డుకొచ్చే ఆఫ్‌రోడ్ బండ్లు: సమస్యలు - పరిష్కారాలు

తిరుపతి చుట్టుపక్కల ఆఫ్‌రోడ్ సీజన్ అంటే ఈశాన్య రుతుపవనాలు దిగే అక్టోబరు నుంచి ఎండ ముదిరే మార్చి దాకా. వానల్లో ఎర్రమట్టి బురద, సంక్రాంతి దాటాక ఏటి ఇసుక, ఆపైన చిత్తూరు వైపు క్వారీల రాతి దుమ్ము. ఒకే బండి ఈ మూడూ తింటుంది. మార్చిలో మా షెడ్డు ముందు వరస కట్టే పాత జీపులకూ పికప్పులకూ ఉండే జబ్బులు దాదాపు ఇవే. పార్టు కొనే ముందు, డబ్బు ఖర్చు కాకుండా చూడగలిగింది చూడండి.

50 దాటితే స్టీరింగ్ వణుకుతోంది

మొన్న చంద్రగిరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. "అన్నా, స్టీరింగ్ బాక్సు పోయినట్టుండాది, చేతులు గడగడలాడతా ఉండాయి" అన్నాడు. ఇంకెక్కడో చూపిస్తే బాక్సు మార్చాల్సిందేనన్నారట. ముందు చక్రం విప్పి వెనక్కి తిప్పాను. రిమ్ము లోపలివైపు అరచేయంత బురద పెళ్ళ, ఎండి పెంకులా కరుచుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఒక్క ముక్కగా ఊడి కాళ్ళ మీద పడింది. నాలుగు చక్రాలూ గీకి, కడిగి, హైవే మీద తోలించాను. వణుకు లేదు. టీ డబ్బులతో పోయింది.

కడిగినా పోకపోతే జాకీ ఎత్తి చక్రం పట్టుకుని ఊపండి. పక్కలకే ఆడితే టైరాడ్ ఎండ్లు, అంటే స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్ళు. పైకీ కిందికీ ఆడితే ఒకరిని బ్రేకు తొక్కమనండి: అప్పుడు ఆట ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే ముందు చక్రం తిరిగే ఇరుసు, కింగ్‌పిన్. స్టీరింగ్ కడ్డీకి తగిలించే చిన్న షాకబ్జర్, స్టీరింగ్ డ్యాంపర్ వేసేస్తే సరిపోతుందని చెప్పేవాళ్ళున్నారు. అది వణుకును దాస్తుందే గానీ తీయదు.

యాక్సిల్ హౌసింగ్ ఆయిల్ పాల టీలా ఉంది

నీళ్ళు చేరాయి. ఎలాగంటే, గంటసేపు తోలాక హౌసింగ్, అంటే చక్రాల మధ్య గేర్లుండే ఆ ఇనప డొప్ప, కాలి ఉంటుంది. వాగులో దిగ్గానే చల్లబడి లోపలి గాలి కుంచించుకుంటుంది. పైన గాలి ఆడే చిన్న రంధ్రం, బ్రీదరు, బురదతో పూడిపోతే, బయటి గాలి లోపలికి వచ్చే దారిలేక సీళ్ళ పక్కనుంచి నీళ్ళు పీల్చుకుంటుంది.

ఆయిల్ దింపి, కొంచెం డీజిల్ పోసి, చక్రాలు గాల్లో ఉంచి చేత్తో తిప్పి, ఆ డీజిలూ పూర్తిగా దింపేయండి. తర్వాతే కొత్త గేర్ ఆయిల్. అసలు మందు మాత్రం బ్రీదరుకు మీటరున్నర పెట్రోల్ పైపు తగిలించి బానెట్ లోపల ఎత్తున కట్టడం. నీళ్ళు రాకూడదని బ్రీదరునే మూసేసిన మహానుభావుడి బండి కూడా నా దగ్గరికొచ్చింది. వేడికి ఒత్తిడి పెరిగి సీలు తన్నుకుని, బ్రేకు డ్రమ్ము నిండా ఆయిలే.

నీళ్ళలో ఇంజిన్ టక్కున ఆగిపోయింది

సెల్ఫ్ కొట్టొద్దు. తోసి స్టార్ట్ చేయొద్దు. నీళ్ళు నొక్కితే నలగవు. సిలిండర్‌లోకి వెళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి లాగించి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. లోపల పొడిగా ఉంటే మీ అదృష్టం, కరెంటు వైపు వెతకండి. తడిగా ఉంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పాకే సెల్ఫ్ తిప్పాలి, నీళ్ళు పైకి చిమ్ముతాయి, ముఖం అడ్డం పెట్టొద్దు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చకుండా ఇంటికి తోలొద్దు.

వేడి ముల్లు లేస్తోంది

ఎప్పుడు లేస్తోందో చూడండి. మెల్లగా ఎక్కుతుంటే లేచి, హైవే మీద దిగితే రేడియేటర్‌కు గాలి అందడం లేదు. ఫ్యాన్ బెల్టు సరిగ్గానే ఉంటే రేడియేటర్ రెక్కల మధ్య ఎర్రమట్టి ఇటుకలా గట్టిపడిందన్నమాట. రాత్రంతా తడిపి ఉంచి, పొద్దున ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్ళు కొట్టండి. ప్రెషర్ గన్ దగ్గర పెడితే రెక్కలు పడుకుంటాయి. మెల్లగా పోతే బాగుండి హైవేలో లేస్తే రేడియేటర్ లోపలే పూడింది, బోరు నీళ్ళ ఉప్పు చలవ.

రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. ఒక బార్ ఒత్తిడి నిలిస్తే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండితే నూరుకే పొంగుతాయి. వేడి మీద ఆ మూత తిప్పొద్దు.

మొదట బాగుండి, పది నిమిషాలకు పడవలా ఊగుతోంది

షాకబ్జర్లలో ఆయిల్ వేడెక్కి పలచబడి, నురగ కట్టింది. మెక్సికోలో 1967 నుంచి నడుస్తున్న బాహా 1000 ఎడారి పందెంలో, ఆ పందేలకే కట్టిన ట్రోఫీ ట్రక్కుల వెనక చక్రం రెండడుగులకు పైగా పైకీ కిందికీ ఆడుతుంది. వాటి షాకబ్జర్లకు పక్కన వేరే సిలిండర్లుంటాయి, నైట్రోజన్ నింపి. గ్యాసు ఆయిల్లో కలవకుండా చూసే ఏర్పాటది. ఆ వీడియోలు చూసి మన పికప్పును గెనాల మీద ఎగిరించేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

చల్లారాక మళ్ళీ బాగుంటే షాకబ్జర్ పోలేదు, మీరే ఎక్కువ తోలారు. అనుమానముంటే దిగ్గానే నాలుగింటి దగ్గరా అరచేతి వెనకవైపు పెట్టి చూడండి, తాకకుండా. మూడు కాలుతూ ఒకటి చల్లగా ఉంటే, పని చేయనిది ఆ చల్లనిదే. జతగా మార్చండి.

బండి పీతలా ఓరగా పోతోంది

వెనక కమాన్ కట్ట (ఇనప పట్టీల స్ప్రింగు) పట్టీల్ని కలిపి పట్టే సెంటర్ బోల్టు విరిగి యాక్సిల్ జరిగింది. సాధారణంగా ముందు కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులై, తర్వాతే సెంటర్ బోల్టు తెగుతుంది. బోల్టు మార్చి, యూ బోల్టులు బిగించి, 100 కిలోమీటర్లు తోలాక మళ్ళీ పానా వేయండి. కట్ట సర్దుకునేసరికి అవి మళ్ళీ వదులవుతాయి.