అమ్మల మధ్య మాటలు రాకుండా స్కూల్ పనులు పంచుకోవడం ఎలా?

ఉద్యోగం చేసే అమ్మకూ ఇంట్లో ఉండే అమ్మకూ మధ్య చెడేది ఎక్కువగా రెండు మాటల దగ్గరే: "మీరు ఇంట్లో ఖాళీయే కదా", "పాపం, పిల్లాణ్ణి ఆయాకి వదిలేసి వెళ్తారు". ఇవి రెండూ మానేయండి. "మీకు ఏ టైం వీలవుతుందండీ?" అని అడగండి చాలు.

అసలు చిక్కు క్లాసు వాట్సాప్ గ్రూపులో. రాత్రి తొమ్మిదిన్నరకు "హోంవర్క్ ఏంటి?" అని రోజూ ఒకరే అడుగుతుంటే, డైరీ ఫొటో పెట్టే ఆవిడకు విసుగొస్తుంది. అది న్యాయమే. వారానికొకరు వంతు వేసుకోండి: సాయంత్రం 7 లోపు డైరీ పేజీ ఫొటో, యూనిఫాం మార్పు ఉంటే అదీ, ఫీజు గడువూ. ఉద్యోగం ఉందని వంతు తప్పించకూడదు. ఆలస్యమయ్యేలా ఉంటే ముందురోజే ఇంకొకరితో మార్చుకోవాలి.

మీ పిల్లల్ని ఇంకో అమ్మ వారంలో మూడు రోజులు స్కూల్ నుంచి తెస్తే, ఆదివారం పొద్దున మూడు గంటలు ఆవిడ పిల్లల్ని మీరు చూడండి. స్వీట్ల డబ్బా ఇస్తే ఆ లెక్క తీరదు, సమయానికి సమయమే ఇవ్వాలి. ఆవిడ పేరు, ఫోన్ నంబరు స్కూల్లో ముందే రాసివ్వండి, లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు.

అత్తగారు పోలిక తెస్తే వాదన వద్దు: "ఎవరింటి వీలు వాళ్లది అత్తయ్యా" అని అక్కడితో ఆపండి.

కేంద్రం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. కాబట్టి గ్రూపులో నాన్నల నంబర్లూ చేర్చి, డైరీ వంతు వాళ్లకూ వేయండి.