గూడ్స్ రైలు హబ్ వస్తోందా? అభ్యంతరం ఇలా రాయండి

గూడ్స్ రైలు హబ్ అంటే రైల్లో వచ్చిన కంటైనర్లు దించి, గోడౌన్లలో పెట్టి, లారీలకెక్కించే చోటు. దానికి "మాకొద్దు" అని వందమందితో సంతకాలు పెట్టించి ఇచ్చేస్తే అది ఫైల్లో పడుకుంటుంది అంతే, అదే సూటిగా ఒక ప్రశ్న రాసిస్తే దాటేయడం కష్టం. అందుకే ముందు ఆ ప్రాజెక్టు పర్యావరణ రిపోర్టు మొత్తం తెచ్చుకోండి, సారాంశం చదివి ఆగిపోవద్దు, అసలు సంగతులన్నీ వెనకాల అనుబంధాల్లోనే ఉంటాయి.

మొదట లారీల లెక్క. రైలొస్తే లారీలు తగ్గుతాయంటారు, నిజమే, కానీ తగ్గేది దూరప్రయాణాల రోడ్ల మీద, హబ్ గేటు దగ్గర మాత్రం పెరుగుతాయి, ఎందుకంటే చివరి కొన్ని కిలోమీటర్లు కంటైనర్ లారీ ఎక్కాల్సిందే కదా. రోజుకి ఎన్ని అని కాదు, రద్దీ టైమ్‌లో గంటకి ఎన్ని అని అడగండి.

శబ్దం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. సగటు డెసిబెల్స్ చూపిస్తారు, రాత్రి రెండు గంటలకి వ్యాగన్లు తగులుకునేటప్పుడు వచ్చే ఆ ధన్‌మనే మోత సగటులో కలిసిపోయి కనపడదు. గరిష్ఠ శబ్దం విడిగా చూపించమనండి. రైలు శబ్దం రాత్రి సగటున 44 డెసిబెల్స్ లోపు ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) యూరప్ విభాగం 2018లో సూచించింది, రిపోర్టులో చూపించిన రాత్రి సగటుని దాంతో పోల్చండి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోత!

వాన నీళ్ళు ఎటు పోతాయి, ఫ్లడ్‌లైట్లు ఎటు తిరిగుంటాయి, ఇవీ రాయండి.

ముఖ్యమైంది ఇంకోటి, రైలు లైన్ కలిపేదాకా గోడౌన్లు తెరవకూడదని అనుమతిలోనే షరతు పెట్టించండి, లేకపోతే అది పేరుకే రైలు హబ్, నడిచేదంతా లారీలే.