పాత ఆల్కోకి స్టార్ట్ బటన్ నొక్కే ముందు

"కాకా, మా దగ్గర పాత డీజిల్ రైలింజన్ ఒకటున్నది, మళ్లా నడుస్తదా?" రిటైరయ్యాక నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. కాజీపేట డీజిల్ షెడ్‌లో 28 ఏళ్లు ఫిట్టర్‌గా చేశాను కదా మరి. నేను చెప్పేదంతా డబ్ల్యూడీఎం-2 గురించే. 1962లో అమెరికా రైలింజన్ల కంపెనీ ఆల్కో నుంచి మొదట దిగి, 1964 నుంచి వారణాసిలో తయారైన 16 సిలిండర్ల, 2,600 హార్స్ పవర్ బండి. లైన్లన్నీ కరెంటయ్యాక చాలావరకు కండెమ్ (ఇక పనికిరావని తీసేయడం) అయి గ్యాస్ కట్టర్ కిందికి పోయాయి. ఏవో కొన్ని ప్రదర్శనకు దిమ్మెలెక్కాయి.

దాన్ని ఊరికే నిలబెట్టాలా, నడపాలా? ముందు అది తేల్చుకోండి. నిలబెట్టడానికే అయితే రంగు సంగతి తర్వాత, పొగగొట్టానికి మూత వేయండి. వాన నీళ్లనీ రాగి దొంగలనీ ఆపగలిగితే బండి చాలాకాలం ఉంటుంది. నడపాలంటే మాత్రం ఇంకో కండెమ్ బండి వెతుక్కోవాలి. డబ్ల్యూడీఎం-3ఏ, డబ్ల్యూడీజీ-3ఏ బండ్లలో ఉన్నదీ దీనిలాగే ఆల్కో 251 కుటుంబం ఇంజనే. హెడ్లూ పంపులూ వాటి నుంచి రావాల్సిందే, పార్ట్ నంబర్ చూసి తీసుకోండి.

లాక్కొచ్చేటప్పుడు చాలామంది చేసే తప్పొకటుంది. చక్రాల్ని తిప్పే ఆరు ట్రాక్షన్ మోటార్లూ ఇరుసుల మీదే కూర్చుని ఉంటాయి. వాటి సస్పెన్షన్ బేరింగుల్లో నూనె ఎండిపోయి ఉంటే దారిలోనే వాటిలోని మెత్తటి లోహపు పూత, వైట్ మెటల్, కరుగుతుంది. నూనె పోసి, గేర్ కేసుల్లో కార్డియం కాంపౌండ్ (గేర్లకు వేసే చిక్కటి గ్రీజు) చూసుకుని, నెమ్మదిగా లాగండి.

ఇక అసలు పని. ఒకచోట కుర్రాళ్లు కొత్త బ్యాటరీలు పెట్టి, నన్ను పిలవకముందే బటన్ నొక్కేశారు. లోపల 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే. ఏళ్ల తరబడి మూతలేని పొగగొట్టం నుంచి వాన నీళ్లు టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజన్‌కి గాలి తోసేది) మీదుగా, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా ఒక సిలిండర్‌లోకి చేరాయి. నీళ్లు నలగవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగింది. నేను వెళ్లేసరికి ఎవరూ నా మొహం చూడలేదు.

అందుకే బ్యాటరీలు కనెక్ట్ చేయకముందే సిలిండర్ హెడ్లకుండే టెస్ట్ ప్లగ్గులు 16 విప్పండి. ఒక్కోదాంట్లో కాస్త నూనె పోసి, ఒక రోజు ఆగి, బారింగ్ రాడ్‌తో (ఇంజన్‌ని చేత్తో తిప్పే కడ్డీ) తిప్పండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి క్రాంక్ షాఫ్ట్ రెండు పూర్తి చుట్లు తిరగాలి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలం పెట్టకండి, ఆ హెడ్ విప్పండి. ప్లగ్గులోంచి నీళ్లు చిమ్మితే సంతోషించండి, బయటికే వచ్చాయి.

ఇంజన్ అడుగున ఉండే సంప్‌లోని నూనె కింది నుంచి వదలండి. నీళ్లుంటే ముందు అవే వస్తాయి. నూనె పాలలా తెల్లగా ఉంటే సిలిండర్ లైనర్ల చుట్టూ నీళ్లను ఆపే రబ్బరు రింగులు పోయినట్టు అనుమానించాలి. ఏళ్లు ఆగిన బండిలో ఏ రబ్బరునీ నమ్మను, అన్నీ మార్చేస్తాను. ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ ఉన్న పాత లాగింగ్‌లో (వేడి తగలకుండా చుట్టే పట్టీ) ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తెలిసినవాళ్లతోనే తీయించండి.

ఇంజన్ తిప్పే మెయిన్ జనరేటర్ కరెంటుతోనే మోటార్లు నడుస్తాయి. జనరేటర్‌కీ మోటార్లకీ ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పెట్టండి. ఒక మెగోమ్ కూడా రాకపోతే వేడిగాలితో ఆరబెట్టి మళ్లీ చూడండి. ఇక్కడ తొందరపడితే కాలేది రాగి వైండింగే.

మొదటిసారి డీజిల్ ఆపి ఉంచి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా కొద్దికొద్దిగా క్రాంక్ చేయండి. తర్వాతే డీజిల్. నల్లపొగ చూసి టెన్షన్ పడొద్దు, ఆల్కో అంతే. 400 ఆర్‌పీఎం ఐడిల్‌లో అరగంట నడిపి ఆపండి. వేడి మీద క్రాంక్‌కేస్ డోర్లు తెరవకండి, లోపలి ఆవిరి అంటుకుంటుంది. ఈలోగా టర్బో దగ్గర చెవి పెట్టి వాచీ చూడండి. ఇంజన్ ఆగాక కూడా అది నిమిషంన్నరకు తక్కువ కాకుండా తిరుగుతూ ఉండాలి. గరగరమని ముందే ఆగిందా, ఆ రోజుకి పని చాలించి మర్నాడు టర్బో దించండి.