యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటుండగా డబ్బు వచ్చిపడితే
బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి, పని లేనివారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే బెనిఫిట్, అంటే భృతి) తీసుకునేవారి పొదుపు 6,000 పౌండ్లు దాటనంతవరకు చింత లేదు. ఆపైన ప్రతి 250కి, చివర చిల్లర మిగిలినా దాన్నీ ఒక 250గానే పట్టి, నెలకు 4.35 పౌండ్ల ఆదాయం ఉన్నట్టు లెక్కేసి కోస్తారు. వారసత్వం కలిసి ఖాతాలో 7,100 తేలిందనుకోండి: అదనం 1,100, అంటే అయిదు 250ల కింద లెక్క, నెలకు 21.75 కోత. 16,000 దాటితే మొత్తం ఆగిపోతుంది. దంపతులకూ అదే హద్దు. హైదరాబాద్ బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా లెక్కలోకొస్తుంది. మనవాళ్లు మరిచిపోయేది ఇదే.

డబ్బు పడగానే మీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో మార్పు నమోదు చేయండి. అప్పులు తీర్చుకోవచ్చు, రసీదులు దాచండి. బెనిఫిట్ పోకూడదని తమ్ముడి పేరుకు మళ్లించారని తేలితే మాత్రం అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు చూస్తారు. వచ్చిన డబ్బు ప్రభుత్వం మీకు ఆలస్యంగా చెల్లించిన పాత బెనిఫిట్ బకాయిలైతే మామూలుగా 12 నెలలు లెక్కలోకి రావు. వేరే ఖాతాలో ఉంచితే చూపించడం తేలిక.