అడవిలో థ్రిల్లర్ తీయాలంటే ముందు దారి తప్పించండి

అడవి, సైకలాజికల్ థ్రిల్లర్ అనగానే షార్ట్ ఫిల్మ్ వాళ్లు ముందు దెయ్యానికి మేకప్ ఎలాగా అని కూర్చుంటారు. దాన్ని పక్కన పెట్టండి. హీరో దారి తప్పాలి, వాడితో పాటు చూసేవాడూ తప్పాలి, అంతే.

ఇందులో కల్పన కూడా పెద్దగా లేదు. 2009లో వచ్చిన ఓ జర్మన్ అధ్యయనంలో కొందరిని అడవిలో తిన్నగా నడవమంటే, ఎండ కనిపించినవాళ్లు దాదాపు తిన్నగానే పోయారు, మబ్బు రోజు నడిచినవాళ్లు తెలియకుండానే గుండ్రంగా తిరిగారు. మీరూ మబ్బు రోజే షూటింగ్ పెట్టుకోండి. నీడలు ఉండవు కాబట్టి దిక్కు తెలియదు, పొద్దున తీసిన షాటుకి సాయంత్రం తీసింది అతుకుతుంది కూడా.

తర్వాత గుర్తుండిపోయే చెట్టొకటి వెతకండి, మొదట్లో పుట్ట ఉన్నదైతే మరీ మంచిది. హీరో దానికి ఆనుకుని నీళ్లు తాగుతాడు, బాటిల్ మూత జారి ఎటో పోతుంది. చాలాసేపు నడిచాక మళ్లీ అదే పుట్ట, పక్కన నీలం మూత. డైలాగ్ వద్దు, మ్యూజిక్ అసలే వద్దు. వాడు మూత తీసి తన బాటిల్‌కి పెట్టి తిప్పుతాడు. బిగుస్తుంది.

సౌండ్ దగ్గర మేం దెబ్బ తిన్నాం. కీచురాళ్ల గోల షాటుకో రకంగా పడి, ఎడిటింగ్‌లో కట్ ఉన్న ప్రతిచోటా చప్పుడు ఎగిరిపడింది. ఒక్కో చోట షూటింగ్ అయ్యాక అందరూ నోరు మూసుకుని రెండు నిమిషాలు ఉత్త అడవి చప్పుడే రికార్డ్ చేసి, దాన్ని సీనంతా కింద పరవండి. భయం కావాల్సిన చోట టక్కున ఆపేయండి.

రాత్రి సీన్లు పగలే తీయొచ్చు: బొమ్మ నీలంగా పడేలా కెమెరాలో వైట్ బ్యాలెన్స్ 3200, ఎక్స్‌పోజర్ తక్కువ, ఫ్రేములో ఆకాశం వద్దు.

1999లో వచ్చిన అమెరికన్ హారర్ సినిమా బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్‌ని మేరీలాండ్ అడవిలో ఎనిమిది రోజుల్లో తీశారు, కెమెరాలు నటులే మోశారు, మంత్రగత్తెని చూపించనే లేదు. రోజురోజుకీ వాళ్ల తిండి కూడా తగ్గించారట, ఆ పని మాత్రం మీరు చేయకండి, పులిహోర లేకపోతే ఫ్రీగా వచ్చిన ఫ్రెండ్స్ మధ్యాహ్నానికే బస్సెక్కేస్తారు. ఏం చేయాలో రాసిన చీటీ ఏ నటుడిది వాడికే ఇచ్చి, పక్కవాడికి చూపించొద్దన్న వాళ్ల పద్ధతి తీసుకోండి చాలు.

లొకేషనంటే నల్లమలే కానక్కర్లేదు. అది టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా కెమెరా తీయొద్దు. తెలిసినవాళ్ల పాత జీడిమామిడి తోట అడగండి, మెలికలు తిరిగిన కొమ్మలు నేల దాకా వంగి పదడుగుల అవతల ఏముందో కనపడనివ్వవు.