తుపాను నెలలకు ముందు ఇంట్లో సిగ్నల్ బూస్టర్ పెట్టాలనుకుంటున్నారా?

అక్టోబరు దగ్గర పడుతుంటే కోనసీమలో, నరసాపురం వైపు చాలా ఇళ్లల్లో ఇదే మాట. వీధి అరుగు మీద ఫోను పలుకుతుంది, నడవలోకి అడుగుపెడితే మూగపోతుంది. తుపాను వస్తే ఎలా అన్న కంగారులో ఆన్‌లైన్‌లో వెతికి, బయటి యాంటెన్నా, కేబులు, లోపల పెట్టే చిన్న పెట్టె ఉన్న బూస్టర్ కిట్ తెప్పించేస్తారు. డబ్బు కట్టే ముందే చూసుకోవాల్సినవి ఇవి.

అన్నిటికన్నా ముందు చట్టం. మన దేశంలో మొబైల్ సిగ్నల్ బూస్టర్‌ను మామూలు మనిషి కొనుక్కుని ఇంట్లో పెట్టుకోకూడదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే తప్పని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అప్పుడే చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరానికి అనుమతి ఉండాలనే అంటుంది. లైసెన్సున్న టెలికాం కంపెనీలు తప్ప మరెవరూ బూస్టర్లు కొనడం, అమ్మడం, వాడటం చెల్లదని కేంద్ర టెలికాం శాఖ 2022 జూలైలో విడిగా హెచ్చరిక కూడా ఇచ్చింది. పెట్టె మీద ఏ స్టిక్కరున్నా, అమ్మినవాడు జీఎస్టీ బిల్లు ఇచ్చినా అది మీకు అనుమతి కాదు. అధికారులు వస్తే అడిగేది పెట్టుకున్న ఇంటివాళ్లనే.

ఈ కట్టడి ఊరికే పెట్టలేదు. పెళ్లిలో మైకును లౌడ్ స్పీకర్ ఎదుటకు తెస్తే కూత పెడుతుంది కదా, బూస్టర్ కూడా అంతే. డాబా మీది యాంటెన్నాకూ గదిలో యాంటెన్నాకూ మధ్య తగినంత అడ్డు లేకపోతే తన సిగ్నలే తను విని, పెంచి, మళ్లీ వింటుంది. ఆ రొద టవర్‌కు చేరితే దూరంగా ఉన్న ఫోన్ల బలహీనమైన గొంతు టవర్‌కు వినపడదు. మీ గదిలో నాలుగు గీతలు కనబడుతుంటాయి, వీధి చివర ముసలాయన 108కి చేసే ఫోను మాత్రం కలవకపోవచ్చు. లంకల్లో ఒకే టవర్ మీద నాలుగైదు ఊళ్లు ఆధారపడే చోట ఇది చిన్న విషయం కాదు. పైగా చౌక పెట్టెలు చాలావరకు పాత బ్యాండ్లకే, అంటే సిగ్నల్ నడిచే పాత ఫ్రీక్వెన్సీలకే, పనికొస్తాయి. మీ 4జీ, 5జీ నడిచే బ్యాండు అందులో లేకపోతే ఆ డబ్బు ఏట్లో పోసినట్టే.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. బూస్టర్ సిగ్నల్‌ను పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. తుపానులో టవర్‌కు కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, జనరేటర్‌కు డీజిల్ అందకపోతే పెంచడానికి ఏమీ ఉండదు. అప్పుడు పనికొచ్చేది ఇంట్రా సర్కిల్ రోమింగ్. తుపాను వేళల్లో టెలికాం శాఖ ఆదేశిస్తే ఒక కంపెనీ సిమ్ వేరే కంపెనీ టవర్ మీద కూడా పలుకుతుంది. అందుకు ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక ‘ఆటోమేటిక్’లో ఉండాలి. ఎప్పుడో సిగ్నల్ కోసం చేత్తో ఒక నెట్‌వర్క్ ఎంచి అలాగే వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. ఇవాళే చూసుకోండి.

సరే, మామూలు రోజుల్లో గదిలో ఫోను పలకడం ఎలా? ముందు కొలవండి. గీతలు చూసి నమ్మొద్దు. ఆండ్రాయిడ్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లి సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో ఉంటుంది. 4జీలో −90 అంటే బాగున్నట్టు, −110 దాటితే నీరసం, −120 దగ్గర దాదాపు లేనట్టే. ఈ కొలతలో పది తేడా అంటే బలంలో పదిరెట్ల తేడా. డాబా మీద, వరండాలో, గదిలో రాసుకోండి. డాబా మీద −85 ఉండి గదిలో −115 ఉంటే దోషం టవర్‌ది కాదు, మీ శ్లాబుది, లేదా వరండా ముందు దింపిన రేకులది. ఇనుప రేకు సిగ్నల్‌ను దాదాపు ఆపేస్తుంది. వానకు తడిసిన కొబ్బరి మట్టలు కూడా కొంత మింగేస్తాయి, అందుకే వేసవిలో కొలిచి తృప్తి పడకూడదు. డాబా మీద కూడా −115 ఉంటే వేరే కంపెనీ సిమ్ తెచ్చి చూడండి. బూస్టర్ ఖరీదుతో పోలిస్తే కొత్త సిమ్ ఎంత?

ఇంటికి ఫైబర్ నెట్ ఉంటే గొడవే లేదు. వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మీ నంబరు నుంచే, టవర్‌తో పని లేకుండా మాట్లాడొచ్చు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. ఫోను దానికి పనికొచ్చేదో కాదో చూసుకోవాలి. కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది కాబట్టి దానికి, ఫైబర్ పెట్టెకు కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి. రెండిటి వోల్టేజి అడాప్టర్ మీద చదివి కొనండి. ఫైబర్ రాని ఊళ్లో సిమ్ వేసే 4జీ రూటర్ తీసుకుని, దానికి బయట యాంటెన్నా తగిలించడం నా లెక్కలో మంచి దారి. యాంటెన్నా సిగ్నల్‌ను పెంచి మళ్లీ గాల్లోకి వదిలేది కాదు కాబట్టి ఇందాకటి రొద ఉండదు.

అసలు ప్రాణాపాయం ఇక్కడ మొదలవుతుంది, యాంటెన్నా కోసం డాబా ఎక్కినప్పుడు. మన ఊళ్లల్లో కరెంటు తీగలు పిట్టగోడకు చేయి చాపేంత దూరంలో పోతుంటాయి. రొయ్యల చెరువులకు వేసిన లైన్లు సరేసరి. ఇరవై అడుగుల ఇనుప గొట్టం నిలబెడుతుంటే గాలికి పక్కకు ఒరుగుతుంది, ఇద్దరు పట్టుకున్నా ఆగదు. అందుకని ఒకటే లెక్క: గొట్టం ఏ వైపు పడినా దాని కొస ఏ తీగకూ తగలకూడదు. తగిలేలా ఉంటే గొట్టం పొట్టిది చేయండి, లేదా చోటు మార్చండి. వేరే దారి లేకపోతే లైన్‌మన్‌తో మాట్లాడి సప్లయ్ తీయించాకే పని. తొడుగున్న వైరే కదా అనే ధీమా వద్దు, ఎండకూ ఉప్పుగాలికీ ఆ తొడుగు పగిలిపోతుంది. వాన జల్లులో, తడి డాబా మీద, సాయంత్రం చీకటిపడ్డాక ఈ పని పెట్టుకోవద్దు.

కొబ్బరిచెట్టుకు కట్టేద్దాం అంటారు, ఎత్తు ఉంది కదా అని. వద్దు. చెట్టు ఊగితే యాంటెన్నా ముఖం తిరిగిపోతుంది, పిడుగు ముందు పడేది ఎత్తున్న చెట్టు మీదే, మేకు కొట్టిన గాయంలో ఎర్రముక్కు పురుగు చేరితే చెట్టు కూడా పోతుంది. 1996 నవంబరు 6 తుపానుకు తోటలకు తోటలే ఒరిగిపోవడం చూసిన పెద్దవాళ్లెవరూ ఈ సలహా ఇవ్వరు.

గొట్టాన్ని ఇంటి ఎర్త్‌తో మందపాటి రాగి తీగతో కలపండి. విడిగా ఇంకో ఎర్త్ గుంత తవ్వి, ఇంటిదానితో కలపకుండా వదిలేస్తే పిడుగు వేళ రెండిటి మధ్య వోల్టేజి తేడా వచ్చి రూటర్ కాలిపోవచ్చు. ఇసుక నేలల్లో వేసవికి గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. అన్నీ చేసినా నేరుగా పడే పిడుగును ఎర్త్ ఆపలేదు. పిడుగుల గురించి ముందే చెప్పే దామిని యాప్‌లో హెచ్చరిక రాగానే కేబులు, ప్లగ్గు పీకేయండి. ఉరుములు మొదలయ్యాక కేబులు ముట్టుకోవద్దు. కేబులు గోడలోకి దూరేచోట కిందికి వంపు ఇచ్చి తిప్పితే నీళ్లు లోపలికి రాకుండా బయటే కారిపోతాయి. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లల్లో కనెక్టర్ల మీద రబ్బరు టేపు చుట్టకపోతే ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పడుతుంది.

తుపాను హెచ్చరిక వస్తే గాలి పెరగకముందే, పగటి వెలుగులో, యాంటెన్నా దించేయండి. నిలబడుతుందిలే అని వదిలిన గొట్టం ఊడి పక్కింటి రేకుల మీద పడితే మాట మిగలదు. తుపాను వెళ్లాక తెగిన తీగ ఏదైనా దానిలో కరెంటు ఉందనే అనుకుని దూరంగా ఉండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి. సిగ్నల్ లేదని కంపెనీకి ఫిర్యాదు చేయాలంటే 198. మీరు కొలిచి రాసుకున్న అంకెలు, ఇంటి లొకేషన్ కూడా చెప్పి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ఇంట్లో బూస్టర్ లాంటిది తప్పదనుకుంటే దాన్ని పెట్టగలిగేది కూడా వాళ్లే.